పరామర్శ కూడా చికిత్సే: జహనుమా నుంచి ఎర్రగడ్డ దాకా క్షయరోగి చరిత్ర

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణంగా, ఫలక్‌నుమాకు పొరుగున జహనుమా పేట ఉంది. జహాఁనుమా అంటే ఫారసీలో లోకాన్ని చూపించేది అని అర్థం. ఆసఫ్‌జాహీ ప్రభువుల కాలంలో పైగా అమీర్లకు చెందిన ప్రాసాదం పేరు పేటకు నిలిచిపోయింది. ప్రాసాద వైభవం గతించింది. ఇరుకు గల్లీలు, చిన్న ఇళ్లు, ఒకే గదిలో నిద్రించే పెద్ద కుటుంబాలు మిగిలాయి. గాలి వెలుతురు చాలని ఇంట్లో, తిండి చాలని ఒంట్లో క్షయ సులువుగా చోటు చేసుకుంటుంది. ఉర్దూలో తపెదిఖ్ అనీ, ఈనాడు అందరి నోటా టీబీ అనీ పిలువబడే ఈ వ్యాధికి మందులున్నాయి. ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తున్నది. అయినప్పటికీ ఇంట్లో ఈ పేరు వినపడగానే వైద్యం గురించిన ప్రశ్నతోపాటు మరొక ప్రశ్న లేస్తుంది: ఈ సంగతి ఎవరెవరికి తెలుస్తుంది?

ఆ రెండో ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. క్షయరోగి ఒకప్పుడు ఊరికి దూరంగా కొండల మీది ఆరోగ్యశాలలో ఉండేవాడు. 1950ల తర్వాత అతడు ఇంటికి తిరిగి వచ్చాడు. మందు ఇంటికి చేరింది గాని, అతని మనసును చూసుకొనే ఏర్పాటు మందుతోపాటు ఇంటికి రాలేదు. ఆ బాధ్యత కుటుంబం మీద, మొహల్లా మీద పడింది. ఇస్లాం ధర్మంలో ఆ బాధ్యతకు పాత పేరే ఉంది: ఇయాదత్, అనగా రోగిని పరామర్శించుట. ఆ విధి క్షయరోగి గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయిందో, ఆగిపోయినందువల్ల కలిగే నష్టం ఎంతటిదో గ్రహించడం అవసరం.

పూర్వ వైద్యులు మనసును విడిచిపెట్టలేదు

శరీరానికి ఒక వైద్యం, మనసుకు ఒక వైద్యం అవసరమనీ, ఈ రెండింటినీ విడదీయరాదనీ ముస్లిం వైద్యులు ఏనాడో గుర్తించారు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం క్రీ.శ. 934) శరీరాల మేలు, ఆత్మల మేలు అన్న విషయం మీద ఒక గ్రంథం రచించి, దానిని రెండు భాగాలు చేశాడు. మొదటిది దేహారోగ్యానికి, రెండవది మనసు ఆరోగ్యానికి. భయం, కోపం, దుఃఖం, పీడించే ఆలోచనలు అను నాలుగింటిని గురించి రెండవ భాగంలో ఆయన విడివిడిగా చర్చించాడు. కారణం తెలిసిన దుఃఖాన్ని, కారణం తెలియని దుఃఖాన్ని వేరుచేసి, రెండవదానికి శరీరంలో మూలం ఉండవచ్చునని చెప్పాడు. రోగం వచ్చినవాడు రోగం వల్ల కుంగిపోవడం, కుంగిపోయినందువల్ల రోగం ముదరడం ఆయన దృష్టి దాటిపోలేదు.

ఇబ్న్ సీనా (మరణం 1037) తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో సిల్ అనే పేరుతో ఊపిరితిత్తుల క్షయను వివరించి, ఒకరి నుంచి మరొకరికి సోకే వ్యాధుల జాబితాలో దానిని కూడా పేర్కొన్నాడు. జర్మనీలో రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న క్షయ క్రిమిని ప్రకటించడానికి ఎనిమిది శతాబ్దాలకు పూర్వపు మాట ఇది. వ్యాధి సోకుతుందని తెలిసినంత మాత్రాన రోగిని వెలివేయవచ్చునని ఆ వైద్యులు భావించలేదు. దమిష్క్‌లో నూరుద్దీన్ జంగీ 1154లో నెలకొల్పిన బీమారిస్తాన్, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్ వక్ఫ్ ఆదాయం మీద నడిచేవి. మతిచలించినవారికి కూడా వాటిలో చోటు ఉండేది. అలెప్పోలో 1354 నాటి అర్గూన్ బీమారిస్తాన్‌లో మానసిక రోగుల గదులు, వాటి నడుమ నీటి తొట్టి గల ముంగిలి నేటికీ చూడవచ్చు. ఎదిర్నేలో సుల్తాన్ బాయజీద్ 1488లో పూర్తిచేయించిన వైద్యశాలలో రోగుల మనసు తేలికపరచడానికి వాద్యకారులను నియమించినట్లు 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు.

ఈ సంప్రదాయమే దక్కనుకు వచ్చింది. హైదరాబాదు నగర నిర్మాత ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో దారుల్‌షిఫాను కట్టించాడు. ‘స్వస్థత గృహం’ అని దాని పేరుకు అర్థం. రోగులు బస చేసి వైద్యం పొందే వసతి, యునానీ వైద్య విద్య ఒకే ఆవరణలో అమరాయి. మూసీ నది దక్షిణపు ఒడ్డున ఆ పేట పేరు ఇప్పటికీ అదే. చార్మినార్ పక్కన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వెలసిన యునానీ ఆస్పత్రి ఆ పరంపరకు కొనసాగింపు. అనగా పాతబస్తీ ప్రజలకు ఆస్పత్రి అంటే తమ నడుమ, తమ బజారులో, మసీదు పక్కన ఉండే ధర్మస్థలం. క్షయ విషయంలో ఈ దగ్గరితనం చెదిరిపోయింది.

ఎర్రగడ్డ అన్న మాట

జహనుమా మనిషికి పెద్ద వైద్యం అవసరమైతే మూసీ దాటి, నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. ఎర్రగడ్డలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్‌కు చెందిన ఇరమ్‌నుమా ప్రాసాదం తర్వాతి కాలంలో క్షయ ఆస్పత్రిగా మారింది. అదే నేటి ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి. ఇరమ్ అంటే పురాతన కథల్లోని స్వర్గతుల్యమైన ఉద్యానం. లోకాన్ని చూపించే ప్రాసాదం పేరు మోసే పేట నుంచి స్వర్గవనాన్ని చూపించే ప్రాసాదానికి క్షయరోగి చేసే ప్రయాణంలో పేర్లు మాత్రమే అందమైనవి.

ఎర్రగడ్డలోనే మానసిక వైద్యశాల కూడా ఉంది. హైదరాబాదు సంస్థానపు మానసిక వైద్యశాల ఒకప్పుడు జాల్నాలో ఉండేది. 1950ల దశకంలో అది ఎర్రగడ్డకు మారింది. బొల్లి వంటి చర్మవ్యాధులకు పేరుపొందిన యునానీ పరిశోధనా సంస్థ కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. దగ్గు, మతి, చర్మం: సమాజం చూడడానికి వెనుకాడే మూడు రకాల వ్యాధిగ్రస్తులను నగరం ఒకే దిక్కుకు పంపింది. ఫలితంగా ఎర్రగడ్డ అన్న ఊరి పేరు హైదరాబాదీల వాడుకలో పిచ్చివాళ్ల చిరునామాగా, ఎకసెక్కంగా స్థిరపడింది. క్షయరోగి తాను ఎర్రగడ్డకు పోతున్నానని చెప్పడానికి రెండు విధాల జంకవలసి వచ్చింది. చెప్పకుండా పోతే దాపరికం, చెప్పి పోతే పరిహాసం.

2015 ఆరంభంలో తెలంగాణ ప్రభుత్వం ఎర్రగడ్డ ఆవరణలో కొత్త సచివాలయం కట్టి, ఛాతీ ఆస్పత్రిని వికారాబాదు దగ్గరి అనంతగిరికి తరలించాలని తలపెట్టింది. నిరసనలు రేగాయి. ఆ యోచన అమలు కాలేదు. కొత్త సచివాలయం పాత చోటనే 2023లో ప్రారంభమయింది. ఆనాటి వాదోపవాదాల్లో భవనపు వారసత్వం గురించి, భూమి విలువ గురించి ఎక్కువగా మాట్లాడారు. పాతబస్తీ రోగి వారానికో నెలకో అనంతగిరి దాకా ఎలా పోతాడన్నది నిజమైన ప్రశ్న. అనంతగిరి పేరు ఊరికే రాలేదు. క్షయరోగులను కొండల మీదికి పంపిన పాత రోజులకు అది గుర్తు.

ఆరోగ్యశాలల కాలం

మందు లేని కాలంలో క్షయకు చికిత్స మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం. ఐరోపాలో కొండ ప్రాంతాల్లో ఇందుకోసం శానటోరియాలు వెలిశాయి. తెలుగు నేల మీద వాటిలో ప్రసిద్ధమైనది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. క్రైస్తవ మిషన్లు కలిసి 1910ల దశకంలో దానిని నెలకొల్పాయి. డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని దీర్ఘకాలం నడిపించాడు. హైదరాబాదు సంస్థానంలో అనంతగిరి కొండల మీద శానటోరియం ఏర్పడింది. ఆ కొండల దిగువనున్న వికారాబాదుకు పేరు వచ్చినది పైగా నవాబు వికారుల్ ఉమరా వల్లనే. ఫలక్‌నుమా ప్రాసాదం కట్టించినది ఆయనే.

శానటోరియం జీవితం కఠినమైనది. నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి భార్యాబిడ్డలకు దూరం. తిరిగి వస్తారో రారో తెలియదు. కాని అక్కడ ఒక మేలు ఉండేది. పక్క మంచం వానికీ అదే రోగం. దాచవలసిన పని లేదు. రోగి ధైర్యం చెదరకుండా చూడడం చికిత్సలో భాగమని శానటోరియం వైద్యులు నమ్మేవారు. చదువు, తేలికైన చేతిపని, కోలుకున్న తర్వాత బతుకుతెరువు గురించిన ఆలోచన వారి క్రమంలో ఇమిడి ఉండేవి. అది కొద్దిమందికే అందే వైద్యం. దేశంలోని రోగుల సంఖ్యతో పోలిస్తే శానటోరియం మంచాలు సముద్రంలో కాకిరెట్ట. జహనుమా వంటి పేటల్లోని పేదలకు ఆ మంచం దొరకడం అరుదు.

మద్రాసులో తేలిన సత్యం

స్ట్రెప్టోమైసిన్ 1940లలో, ఐసోనియాజిడ్ 1952లో వచ్చాయి. మందు ఉన్నప్పుడు కొండ మీది గాలి అవసరమా అన్న ప్రశ్న పుట్టింది. దానికి జవాబు మద్రాసు నగరంలో దొరికింది. 1956లో అక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో 193 మంది పేద రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గాన్ని శానటోరియంలోను, మరొక వర్గాన్ని వారి ఇళ్లలోను ఉంచి ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. కిక్కిరిసిన ఇళ్లలో, తక్కువ తిండితో, పనులు చేసుకుంటూ మందు వాడినవారు కూడా శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంకొక ముఖ్య విషయం తేలింది. రోగి ఇంట్లో ఉండి మందు వాడినందువల్ల ఆ ఇంటివారికి వ్యాధి సోకడం అధికం కాలేదు. చికిత్సకు ముందే సోకినది సోకుతుంది, చికిత్స మొదలయిన తర్వాత ప్రమాదం త్వరగా తగ్గుతుందని అర్థమయింది.

ప్రపంచపు క్షయ వైద్యాన్ని ఈ పరిశోధన మార్చివేసింది. భారత జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం 1962లో ఇంటి చికిత్స పునాది మీదనే మొదలయింది. బెంగుళూరు జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ 1963లో వెలువరించిన సామాజిక అధ్యయనం మరొక అపోహను తొలగించింది. గ్రామాల్లోని రోగుల్లో అత్యధికులు తమ లక్షణాలను గుర్తించారు. సగానికి పైగా వైద్యం కోసం వెళ్లారు కూడా. ఎక్కువమందికి దక్కినది దగ్గు మందు సీసా మాత్రమే. పేదవాడికి తెలివి లేక రోగం ముదురుతున్నదన్న వాదన నిలవలేదు. 1997 నుంచి సవరించిన కార్యక్రమం కింద, ఒకరి కళ్ల ముందు మందు మింగించే పద్ధతి దేశమంతటా విస్తరించింది. 2020లో ఆ కార్యక్రమం పేరు జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా మారింది.

మద్రాసు పరిశోధకులు తమ ప్రశ్నకు సరైన జవాబు సాధించారు. శానటోరియం లేకున్నా రోగం నయమవుతుంది. కాని శానటోరియంతోపాటు పోయినది ఒకటుంది. పక్క మంచం తోడు పోయింది, దాచనక్కరలేని చోటు పోయింది. ఇంటి చికిత్స ఇంటి మీద విశ్వాసం ఉంచింది. ఇల్లు ఆ విశ్వాసాన్ని నిలుపుకోవాలంటే రోగితో కలిసి కూర్చోగలగాలి.

దాపరికం ఎక్కడ మొదలవుతుంది

క్షయను దాచడం పేదల అలవాటు మాత్రమే అనుకోరాదు. జవహర్‌లాల్ నెహ్రూ భార్య కమలా నెహ్రూ క్షయతో 1936లో స్విట్జర్లాండులోని లోసాన్‌లో మరణించారు. ఆమె వ్యాధి దేశమంతటికీ తెలుసు. ముహమ్మద్ అలీ జిన్నా సంగతి వేరు. ఊపిరితిత్తుల క్షయ ముదిరిందని దేశ విభజనకు ముందే బొంబాయి వైద్యుడు డాక్టర్ పటేల్ గుర్తించారు. ఆ విషయం అత్యంత రహస్యంగా ఉండిపోయింది. 1948 సెప్టెంబరు 11న జిన్నా మరణించే దాకా సామాన్య ప్రజలకు దాని తీవ్రత తెలియదు. ఎదుటివారు బలహీనతగా ఎంచుతారన్న భయం ఎంతటివారికైనా ఉంటుంది.

పాతబస్తీలో ఈ భయానికి ప్రత్యేక కారణాలున్నాయి. మొదటిది పెళ్లి. ఆడపిల్లకు క్షయ వచ్చిందంటే ఆమెకే కాక అక్కచెల్లెళ్లకు కూడా సంబంధాలు తప్పిపోతాయని తల్లిదండ్రులు జంకుతారు. ఈ వ్యాధి వంశపారంపర్యం కాదు. ఆరు నెలల మందుతో సాధారణ క్షయ పూర్తిగా నయమవుతుంది. అయినా నికాహ్ మాటలు నడుస్తున్న ఇంట్లో మందు డబ్బా పప్పు డబ్బాల వెనుకకు చేరుతుంది. పెళ్లయి అత్తవారింటికి పోయిన పిల్ల అక్కడ మందు మింగడానికి జంకి మానివేస్తే, సగం నయమైన రోగం మందులకు లొంగని రోగంగా తిరిగి రావచ్చు.

రెండవది గల్ఫ్. 1970ల దశకం నుంచి పాతబస్తీ కుటుంబాల బతుకు ఎక్కువగా జిద్దా, రియాద్, దుబాయి జీతాల మీద ఆధారపడింది. వీసాకు ముందు జరిగే వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తప్పదు. క్షయ ఉంటే అనర్హత. ఎన్నడో నయమైపోయిన క్షయ వదిలిన మచ్చ కూడా అనర్హతకు కారణం కావచ్చు. ఒక మచ్చతో కుటుంబం ఆశలన్నీ కూలిన యువకుడికి దగ్గు తగ్గిందన్న సంతోషం ఏపాటిది?

మూడవది రంజాన్. రోగిష్ఠికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 184, 185 ఆయతులు స్పష్టం చేస్తున్నాయి. ఉపవాసం పాటించవచ్చునా లేదా అన్నది వైద్యుడు, రోగి కలిసి తేల్చుకోవలసిన సంగతి. కాని వ్యాధిని దాచిన మనిషి ఉపవాసం లేకపోవడాన్ని కూడా దాచాలి. ధర్మం ఇచ్చిన వెసులుబాటు వాడుకోలేని స్థితి అది. నెల రోజులు మందు వేళలు తప్పడానికి అదే మూలం కావచ్చు.

ఈ ఒంటరితనం లెక్కకు అందని సంగతి కాదు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2020లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం క్షయరోగుల్లో నూటికి 45 మందిలో మానసిక కుంగుబాటు లక్షణాలు ఉన్నాయి. కుంగిపోయిన రోగి మందు మధ్యలో ఆపే అవకాశం ఎక్కువ. ప్రపంచంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు గనుక ఇది చిన్న విషయం కాదు.

మందు కూడా మనసును తాకుతుంది

క్షయ మందులకూ మనసుకూ గల సంబంధం వైద్య చరిత్రలో ఒక విచిత్రమైన అధ్యాయం. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయరోగులకు ఐసోనియాజిడ్‌తోపాటు దాని సోదరి వంటి ఇప్రోనియాజిడ్‌ను ఇచ్చి పరీక్షించారు. మంచం పట్టినవారు లేచి తిరగసాగారు. ఆకలి, ఉత్సాహం అసాధారణంగా పెరిగాయి. ఈ గమనింపు దారి చూపగా 1957 నాటికి ఇప్రోనియాజిడ్‌ను మానసిక కుంగుబాటుకు వాడసాగారు. కాలేయానికి హాని చేస్తున్నదని తర్వాత దానిని విరమించుకున్నారు. ఆధునిక కాలంలో కుంగుబాటుకు వాడిన తొలి మందుల్లో ఒకటి క్షయ వార్డులో పుట్టింది.

ఇందుకు భిన్నమైన సంగతి కూడా ఉంది. మందులకు లొంగని క్షయకు వాడే సైక్లోసెరిన్ కొందరిలో నిద్రలేమి, తీవ్రమైన కుంగుబాటు, లేని మాటలు వినిపించడం, చావు తలపులు కలిగిస్తుంది. ఐసోనియాజిడ్ వల్ల కూడా అరుదుగా మనసు కలత చెందుతుంది. పాదాల తిమ్మిరి వంటి నరాల బాధలు రాకుండా దానితోపాటు బి6 విటమిన్ ఇస్తారు. మందులకు లొంగని క్షయకు ఒకప్పుడు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు నెలలు పట్టిన చికిత్సకు బదులు, బెడాక్విలిన్ మూలంగా గల ఆరు నెలల కొత్త క్రమాన్ని 2024లో భారత ప్రభుత్వం ఆమోదించింది. ఆ క్రమంలో సైక్లోసెరిన్ లేదు. కాని అందరికీ ఆ క్రమం సరిపడదు. దీర్ఘ చికిత్స అవసరమైనవారికి పాత మందులు కొనసాగుతున్నాయి.

ఇది తెలియనందువల్ల జరిగే అనర్థం పెద్దది. నెల కిందటి దాకా నెమ్మదిగా ఉన్న కోడలు హఠాత్తుగా అరిచినా, గోడతో మాట్లాడినా, ఇంట్లో మొదట వినిపించే మాట ఆసేబ్. జిన్ను సోకిందనీ, ఎవరో చేతబడి చేయించారనీ ఆమిల్ దగ్గరకు తీసుకుపోతారు. జిన్నుల ఉనికి ఖుర్ఆన్ చెప్పిన విషయం. కాని ప్రతి మతిచలనం జిన్ను పని అని ఖుర్ఆన్ చెప్పలేదు. దువా చేయడం మంచిదే, అది ఎన్నడూ మందుకు అడ్డు కాదు. క్షయ మందు మొదలుపెట్టిన తర్వాత మనసు తీరు మారితే అదే రోజు మందు ఇచ్చిన వైద్యుడికి చెప్పాలి. ఏ మందు ఆపాలో, ఏది మార్చాలో నిర్ణయించవలసినవాడు ఆయన. ఇంటివారు తమంతట తాము మందులన్నీ ఆపివేస్తే క్షయ తిరగబడుతుంది.

ఇయాదత్ హద్దులు, ఇయాదత్ విలువ

రోగిని పరామర్శించడం ఒక ముస్లిం మీద మరొక ముస్లింకు గల హక్కుల్లో ఒకటని బుఖారీ, ముస్లిం సంకలనాల్లోని హదీసులు తెలుపుతున్నాయి. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, జబ్బుపడిన ఫలానా దాసుణ్ణి చూడడానికి ఎందుకు పోలేదని నిలదీస్తాడనీ, పోయి ఉంటే అల్లాహ్ సన్నిధి అక్కడే లభించేదనీ భావం గల హదీసు ముస్లిం సంకలనంలో ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) రోగి దగ్గరకు వెళ్లినప్పుడు భయం లేదనీ, ఈ బాధ పాప ప్రక్షాళనం అవుతుందనీ ధైర్యం చెప్పేవారు. సిల్ వల్ల మరణించినవారికి షహీద్ స్థానం ఉంటుందని కూడా కొన్ని హదీసు సంకలనాల్లో కనిపిస్తుంది. ఏ వ్యాధితో మరణించినవారికి ధర్మం అంతటి గౌరవం ఇస్తున్నదో, ఆ వ్యాధితో జీవిస్తున్నవారిని చిన్నచూపు చూడడం ఎట్లా పొసగుతుంది?

ధర్మం జాగ్రత్తను కూడా నేర్పింది. మహమ్మారి ఉన్న ఊరికి పోరాదనీ, అక్కడి నుంచి పారిపోరాదనీ ప్రవక్త ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోట మహమ్మారి వార్త విని, సంప్రదించి, వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగినవారికి, ఒక విధి నుంచి మరొక విధికే పోతున్నామన్న భావంతో జవాబిచ్చారు. తవక్కుల్ అంటే జాగ్రత్తను విడిచిపెట్టడం కాదని ఈ ఘటన చాటుతున్నది. సఖీఫ్ తెగ ప్రతినిధుల్లోని కుష్ఠురోగి విషయంలో ప్రవక్త అతని ప్రమాణాన్ని దూరం నుంచే స్వీకరించి తిరిగి వెళ్లమన్నారు. ప్రమాణాన్ని నిరాకరించలేదన్నది గమనించదగినది. దూరం పాటించారు, సంబంధం తెంచలేదు.

క్షయ విషయంలో ఆ దూరం ఎంత అన్నది నేటి వైద్యం స్పష్టంగా చెబుతున్నది. వ్యాధి గాలి ద్వారా, దగ్గు తుంపరల ద్వారా సోకుతుంది. పళ్లెం, గ్లాసు, బట్టలు, కరచాలనం వల్ల సోకదు. ఎముకలు, గ్రంథులు వంటి అవయవాలకు పరిమితమైన క్షయ ఇతరులకు సాధారణంగా సోకదు. ఊపిరితిత్తుల క్షయ కూడా సరైన మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో సోకే శక్తిని చాలావరకు కోల్పోతుంది. అంతవరకు రోగి నోటికి గుడ్డ కట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం, వీలైతే ముంగిట్లోనో డాబా మీదనో కూర్చొని మాట్లాడడం చాలు. పళ్లెం వేరు చేయడం వల్ల వైద్యపరంగా లాభం లేదు, రోగి మనసుకు మాత్రం గాయం తప్పదు.

పరామర్శకు వెళ్లేవారు వట్టి చేతులతో వెళ్లనక్కరలేదు. దుఃఖంలో ఉన్నవారికి, రోగులకు హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే బార్లీ జావ చేయించేవారనీ, అది రోగి గుండెకు ఊరట ఇస్తుందని ప్రవక్త చెప్పారనీ బుఖారీ హదీసు తెలుపుతున్నది. తిండికి, క్షయకు గల సంబంధాన్ని జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2023లో నిరూపించింది. రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చినచోట ఇంటివారికి కొత్తగా క్షయ రావడం గణనీయంగా తగ్గింది. నిక్షయ్ పోషణ యోజన కింద 2018 నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచారు. రోగులకు ఆహారపు బుట్ట అందించే దాతలను నమోదుచేసే నిక్షయ్ మిత్ర పథకం 2022లో మొదలయింది. వక్ఫ్ మీద బీమారిస్తాన్లు నడిపినవారి వారసులకు ఈ పని కొత్తది కాదు. మసీదు కమిటీ, జకాత్ నిధి, మొహల్లా సంఘం ఇందులో చేరవచ్చు. రోగి పేరు బయటపెట్టకుండా సాయం చేయడం ఇస్లామీయ దానధర్మపు మర్యాద కూడా.

తీవ్రమైన కుంగుబాటుకు పరామర్శ ఒక్కటే చాలదు. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే మానసిక వైద్యుడిని చూడాలి. 2022 అక్టోబరులో మొదలయిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో, ఉర్దూలో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పోవడం సిగ్గుపడవలసిన పని కాదని పిల్లలకు ఇంట్లోనే నేర్పాలి. ఊరి పేరును తిట్టుగా వాడడం మానడం ఆ నేర్పుకు మొదటి మెట్టు.

చావు తలపులు ఉన్నట్లు రోగి చెబితే వారం ఆగరాదు. అతణ్ణి ఒంటరిగా విడవకుండా, వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. అటువంటి మాటను ఈమాన్ లోపమని తప్పుబట్టడం వల్ల రోగి తర్వాత నోరు విప్పడు.

క్షయకు మందు కనిపెట్టినది శాస్త్రం. ఆ మందును ఇంటి దాకా తెచ్చినది మద్రాసు పరిశోధన. ఆ ఇంట్లో ఆరు నెలలపాటు ప్రతిరోజూ మందు రోగి నోటిలోకి వెళ్లేలా చూడవలసినది మొహల్లా. జహనుమా వంటి పేటల్లో దూరం ఎన్నడూ ఎక్కువ లేదు, గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లు అవి. పొరుగింటి దగ్గు వినిపించినప్పుడు తలుపు మూసుకోవడం కన్నా తట్టి పలకరించడం, మందు వేసుకున్నారా అని అడగడం, కాసేపు కూర్చోవడం ఎవరికైనా సాధ్యమే. చేతిలో వైద్యం లేనివారు కూడా చేయగలిగిన చికిత్స అది.